కత్తికి పదును పెట్టుట: క్రొత్తవారి కొక పాఠము

గోరంట్ల పరిసర గ్రామములందు మల్బరీ తోటలు వేసి పట్టుపురుగులను పెంచు సభ్యుల యిండ్లకు మేము పోయినప్పుడు మొదట చూచునది పురుగుల తట్టలను గాదు, ఆకు తఱుగు కత్తిని. దానిని చేతితో తాకవలసిన పని కూడ లేదు. ప్రక్కన పడియున్న ఆకు ముక్కలే కత్తి సంగతి చెప్పును. ముక్క అంచు తిన్నగా, పచ్చగా నుండిన కత్తి కోయుచున్నది. అంచు నలిగి నల్లబడి తడి యూరుచుండిన కత్తి కోయుట లేదు, నలుపుచున్నది.

ఈ భేదము స్వల్పమని కొందఱు సభ్యులు తలచుచున్నారు. గ్రుడ్డు పగిలి వెలువడిన పురుగు చీమ కన్న పెద్దది గాదు. రెండవ జ్వరము లేచువరకు, అనగా మనము చాకీ యని పిలుచు కాలమందు, ఆకును చిన్న చిన్న ముక్కలుగా తఱిగియే వేయవలయును. మొదటి దశలో ముక్క అర చదరపు సెంటీమీటరు మొదలు రెండు చదరపు సెంటీమీటర్ల వఱకును, రెండవ దశలో రెండు మొదలు నాలుగు వఱకును ఉండుట మేలు. చాకీ గదిలో ఇరువదియాఱు, ఇరువదియేడు డిగ్రీల వెచ్చదనమును, గాలిలో మిక్కిలి తేమయు నుంచుటకు మన మెంతయో శ్రమ పడుచున్నాము గదా. ఆ శ్రమ యంతయు ఆకు వాడకుండుటకే. నలిగిన ముక్క తన రసమును అంచు గుండ కోలుపోయి గంటలోనే ముడుచుకొనును. పురుగు దానిని ముట్టదు. మిగిలిన ఆకు పడక క్రింద చేరి, తేమలో క్రుళ్ళి, రోగమునకు తావిచ్చును. ఉదయపు చల్లని వేళ కోసి, తడిగుడ్డ కప్పి తెచ్చిన ఆకును మొద్దు కత్తి క్రింద పెట్టుట పాలు పితికి చిల్లికుండలో పోయుట వంటిది.

నిరుడు మా తనిఖీలోని యొక గ్రామమున నొక సభ్యురాలు తెల్లవారుజామున ఆకు తఱుగుచు ఎడమచేతి చూపుడువ్రేలు కోసికొనెను. గాయము నరము వఱకు పోయెను. ఆసుపత్రిలో కుట్లు వేసిరి గాని వ్రేలు మునుపటి వలె మడవదు. ఇంటివారు, “కత్తి మిక్కిలి పదునుగా నుండెను, అందుచేత తెగెను” అనిరి. మేము ఆ కత్తిని వెలుతురునకు పట్టి చూచితిమి. దాని వాదర పొడవునను తెల్లని గీత మెఱయుచుండెను. అది మొద్దుబారిన కత్తి గుఱుతు. ఆమె చుట్టిన ఆకుకట్టపై బలముకొలది అదిమినందున కత్తి జాఱి వ్రేలిపై పడినది. పదునైన కత్తి తన బరువుతోనే దిగును, చేయి అదుమనక్కఱలేదు. అదుమని చేయి అదుపు తప్పదు. తరువాత ఆఱు వారములు ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి, అదే కత్తితో, ఆమెకు బదులుగా ఆకు తఱిగిరి. ఆ పంటలో గూళ్ళ తూకము తగ్గెను. అందుకు కత్తియొక్కటే కారణమని మేము చెప్పము, ఆ దినములలో ఉక్క కూడ నుండెను. కాని ఆ కత్తిని నూరుటకు కావలసినది పావుగంట పని.

ఇక విషయమునకు వత్తము. కత్తి వాదర యనగా రెండు ఏటవాలు ముఖములు కలిసికొను గీత. రెండును సన్నగా, చక్కగా కలిసికొన్న చోట వెలుతురు నిలుచుటకు తావుండదు. కావున పదునైన వాదర కంటికి కనబడదు. వాడుకలో ఆ గీత అరిగి గుండ్రనగును, లేదా ఒక ప్రక్కకు మడత పడును. గుండ్రనైన చోట ఎండ పడి మెఱయును. కత్తిని వాదర పైకుండునట్లు పట్టుకొని ఎండలో అటునిటు త్రిప్పి చూడుడు. ఎక్కడ తళుక్కుమనునో అక్కడ పదును లేదు. బొటనవ్రేలిని వాదర పొడవున నీడ్చి చూచెడి యలవాటును మాత్రము మానుకొనుడు.

నూరుటయనగా గుండ్రనైన ఆ భాగమును తొలగించి రెండు ముఖములను మరల కలియునట్లు చేయుట. ఇందుకు ఉక్కు కన్న గట్టిదైన రాయి కావలయును. మన సీమలో రాళ్ళకు కొదువలేదు గాని అన్ని రాళ్ళును నూరుడు రాళ్ళు కావు. బావిగట్టు మీదను, చేనిలోని గుండు మీదను కొడవండ్లు నూఱగా నూఱగా పడిన గాళ్ళను మీరందఱును చూచియుందురు. ఆ గ్రానైటు రాతిలో పలుగురాతి రేణువులు కలవు. అవి ఉక్కును అరగదీయగలవు. కాని రేణువులు పెద్దవి, ఒకదానితో నొకటి సమముగా నుండవు. దానిపై నూరిన అంచు ఱంపము వలె గరుకుగా వచ్చును. గడ్డి కోయుటకు అది చాలును, ఆకు తఱుగుటకు పనికిరాదు. తాడిపత్రి నుండి వచ్చు నున్నని బండలు చూపునకు నూరుడు రాళ్ళ వలె నున్నను అవి సున్నపురాతి జాతివి. ఉక్కు కన్న మెత్తన. వానిపై కత్తి అరుగుటకు మాఱు బండయే అరుగును.

పలుగురాతి పొడి చల్లిన కొయ్యపలక మీద నూరు పద్ధతి బీదవాని సానరాయి. దానిని మేము తక్కువ చేసి చెప్పము. పొడిని గుడ్డలో జల్లించి, తడిపిన మెత్తని కొయ్య మీద చల్లి నూరిన యెడల పని జరుగును. అంతకన్న గట్టిది కురువిందము. ఖనిజముల గట్టిదనమునకు పండితులు వేసిన కొలతలో వజ్రము పది, కురువిందము తొమ్మిది, పలుగురాయి ఏడు. అనంతపురము సీమలో కురువిందము దొరకుట పూర్వపు భూగర్భశాస్త్ర గ్రంథములలోనే వ్రాయబడినది. దాని పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేయుట మన దేశపు పాత విద్య. ఆంగ్లేయులు ఆ రాతికి పెట్టుకొన్న ‘కోరండం’ అను పేరు కూడ మన దక్షిణదేశపు మాటయే.

నేడు అంగళ్ళలో దొరకు నల్లని రాయి కార్బొరండము. ఇది గనిలో దొరకునది గాదు. 1891 ప్రాంతమున అమెరికాలో అఛిసన్ అను నాతడు విద్యుత్కొలిమిలో తయారుచేసిన పదార్థము. మద్రాసులో కార్బొరండమ్ యూనివర్సల్ సంస్థ 1954లో ఏర్పడిన పిమ్మట ఇట్టి రాళ్ళు మన దేశమందే చేయబడుచున్నవి. ఒక వైపు గరుకుగను, మఱియొక వైపు నునుపుగను నుండి, జానెడు పొడవు గల రాయిని కొనుడు. అరచేతిలో నిమిడెడి చిన్నరాయి క్రొత్తవాని వ్రేళ్ళకు శత్రువు. హిందూపురములోనో ధర్మవరములోనో ఇనుప సామానుల అంగడిలో అడిగిన దొరకును.

రాతిని కొనక మునుపు కత్తి ఏ ఉక్కుదో ఒకింత తెలియవలయును. మన కమ్మరులు ఇప్పుడు ఎక్కువగా లారీ కమాను పట్టెలను సాగగొట్టి కత్తులు చేయుచున్నారు. అది మంచి ఉక్కే. చక్కగా కాచి, నీటిలోనో నూనెలోనో ముంచి, మరల కొంచెము వేడి చూపి గట్టిదనమును సరిచేసిన కత్తి చిరకాలము పదును నిలుపును. మెత్తని యినుముతో చేసిన కత్తి పది నిముషములలో పదునెక్కి, పది నిముషములలో దిగిపోవును. అట్టి దానిని నూరి నూరి విసుగు చెందుట కన్న కమ్మరి యొద్దకు తిరిగి కొనిపోవుట మేలు. మన తెలుగు, కన్నడ దేశముల వారు ఉక్కు చేయుటలో ఒకప్పుడు లోకమునకు గురువులు. తెలంగాణమందలి కోనసముద్రము నుండి పోయిన ఉక్కు కత్తులకు ప్రసిద్ధి కెక్కినది. లండను నగరపు కత్తుల పనివాడు స్టోడార్టును, శాస్త్రజ్ఞుడు ఫారడేయును ఈ దేశపు ఉక్కు రహస్యమును వెదకుచు ప్రయోగములు చేసి 1820లో ప్రకటించిరి. అట్టివారి వారసుల యింట ఆకు కత్తి మొద్దుబారి యుండుట చూచినప్పుడు మాకు కొంచెము కష్టముగనే యుండును.

విద్యుచ్ఛక్తితో తిరుగు సానచక్రమును గుఱించి మా యనుభవము నొకటి చెప్పుదుము. మేము ఈ యుద్యోగమున చేరిన క్రొత్తలో, ఒక ప్రదర్శన దినమున, పని త్వరగా కావలెనని నాలుగు కత్తులను అట్టి చక్రము మీద పొడిగా పట్టించితిమి. నిప్పురవ్వలు చక్కగా రాలినవి, చూచువారు సంతోషించిరి. రెండు కత్తుల అంచు నీలిరంగు తిరిగెను. ఉక్కునకు గడ్డిరంగు వచ్చిన దాదాపు రెండువందల ఇరువది డిగ్రీల వేడి తగిలినట్లు, నీలిరంగు వచ్చిన మూడువందల డిగ్రీల వేడి తగిలినట్లు. నీలిరంగు తిరిగిన చోట గట్టిదనము పోయినది. ఆ రెండు కత్తుల యజమానులు వారము తిరుగక మునుపే మా యొద్దకు వచ్చి చెప్పిన మాటలను ఇచట వ్రాయము. బడిలో చదువుకొను దినములలో మాకు వడ్రంగము నేర్పిన ఉపాధ్యాయుడు, ఉలిని నూరునప్పుడెల్ల నీటి గిన్నెను ప్రక్కన పెట్టుకొని మాటిమాటికి ముంచుచుండెడివాడు. మేము దానిని చాదస్తమనుకొంటిమి. చేతితో రాతిపై నూరునప్పుడు ఈ భయము లేదు, అందుచేతనే క్రొత్తవారికి మేము చేతిరాతినే చెప్పుచున్నాము.

పద్ధతి యిది. రాతిని పది నిముషములు నీటిలో నానవేయుడు. బుడగలు వచ్చుట మానిన పిమ్మట తీసి, తడి గోనెసంచి మీద గరుకు వైపు పైకుండునట్లు కదలకుండ పెట్టుడు. నీటికి బదులు నూనె వాడువారును గలరు. ఒకసారి నూనె త్రాగిన రాయి మరల నీటికి రాదు, కావున మొదటనే నిశ్చయించుకొనుడు. ఆకు కత్తికి నీటిరాయియే మంచిది.

తరువాత వాలు. క్రొత్తవారు చెడునది ఇచటనే. కాగితము మూల లంబకోణము గదా. దానిని ఒకసారి సరిగా మడిచిన సగము వచ్చును. ఇంకొకసారి మడిచిన అందు సగము, అనగా ఇరువదిరెండున్నర డిగ్రీలు. ఆ మడతను రాతి ప్రక్క నిలిపి, కత్తి వెన్నును దానికి సరిపడునంత ఎత్తుడు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గల కత్తికి వెన్ను రాతి నుండి ఒకటిన్నర సెంటీమీటరు లేచిన చాలును. ఆ యెత్తునకు సరిపడు నాణెములను దొంతరగా పెట్టి వెన్ను క్రింద నొక్కసారి కొలిచి చూచుకొన్న చేతికి గుర్తు పట్టును. ఆకు కత్తికి ఈ వాలు సరి. మచ్చుకత్తికి ఇంకను ఎత్తుగా, ముప్పది డిగ్రీల వఱకు నుండవలయును. అది కొమ్మలను కొట్టునది, సన్నని వాదర దానికి ఆగదు.

కుడిచేత పిడిని పట్టుకొని, ఎడమచేతి రెండు మూడు వ్రేళ్ళను వెన్నునకు చేరువగా కత్తి చదునుపై నుంచి, వాదర వైపుగా ముందునకు త్రోయుచు పిడి నుండి మొన వఱకు రాతిపై నడపుడు. రాతి నుండి పలుచని పొర చెక్కుచున్నట్లు చేయి సాగవలయును. బలము వలదు. ఒకే వాలును తప్పక నిలుపుటయే ముఖ్యము. వాలు సరిగా నున్నదో లేదో తెలియనివారు వాదర ముఖమునకు సిరా పూసి నాలుగు మార్లు నూరి చూడుడు. సిరా వాదర వఱకు పోయిన వాలు సరి. పైభాగమున మాత్రమే పోయిన వెన్నును ఇంకను ఎత్తవలయును. వాదర కొసన మాత్రమే పోయిన ఎత్తు ఎక్కువైనది.

ఎంతసేపు నూరవలెనని అందఱును అడుగుదురు. లెక్క లేదు, గుఱుతు కలదు. ఒక వైపు తగినంత నూరినప్పుడు రెండవ వైపు వాదర పొడవున వెండ్రుక వంటి గరుకు మడత లేచును. వెన్ను నుండి వాదర వైపునకు, అడ్డముగా, మెల్లగా వ్రేలిని జాఱవిడిచిన ఆ గరుకు తగులును. పొడవున మాత్రము వ్రేలిని పోనీయరాదు. మడత పిడి మొదలు మొన వఱకు అంతటను లేచువఱకు రెండవ వైపు త్రిప్పనే వలదు. ఇది తెలియక అటు నాలుగు, ఇటు నాలుగు రాచి, పదును రాలేదని రాతిని నిందించువారు పెక్కండ్రు. మొదటి వైపు మడత లేచిన పిమ్మట కత్తిని త్రిప్పి, రెండవ వైపును అదే వాలున నూరి, మడతను ఇవతలకు తేవలయును. అంతట రాతిని నునుపు వైపునకు త్రిప్పి, ఈసారి ఒక్కొక్క వైపునకు ఒక్కొక్క పోటుగా మార్చుచు, బలము తగ్గించుచు, ఇరువది ముప్పది పోట్లు వేయుడు. మడత సన్నగిల్లును గాని పూర్తిగా పోదు.

దానిని పోగొట్టునది తోలు. మంగలివారు క్షౌరపుకత్తిని తోలుపట్టెపై అటునిటు విసరుటను చూచియే యున్నాము, కారణము మాత్రము తలచియుండము. పాత నడికట్టునో, ఎద్దుల పటకా ముక్కనో ఒక కొయ్యపలకకు బిగువుగా అంటించుడు. లోపలి గరుకు ముఖము పైకుండవచ్చును. రాతిపై వాదర ముందుగా పోయినది. తోలుపై వెన్ను ముందుగా పోవలయును, వాదర వెనుక ఈడ్వబడవలయును. దీనిని తలక్రిందు చేసితిరా, తోలు తెగును, కత్తి చెడును. చివర త్రిప్పునప్పుడు వెన్ను మీదుగా త్రిప్పుడు. వాలు రాతిపై నున్నదానికన్న ఎత్తరాదు. పది పదునైదు మార్లు చాలును. తోలుపై పూయుటకు పచ్చని ముద్దయొకటి అంగళ్ళలో దొరకును, క్రోమియము భస్మముతో చేసినది. ఉన్న మేలు, లేకున్నను కొఱత లేదు. తోలు కూడ లేనివారు చదునైన పలకపై నాలుగు మడతల కాగితమును పఱచి దానిపై ఈడ్చినను పని జరుగును. ఈ పత్రిక పాత సంచికలను అందుకు వాడుకొనుటకు మా యభ్యంతరము లేదు, చదివిన పిమ్మట.

పరీక్షకు మల్బరీ ఆకునే తీసికొనుడు. తొడిమ పట్టుకొని వ్రేలాడు ఆకుపై కత్తిని ఒత్తక యీడ్చిన అంచు తెగి పడవలయును. తెగక ముడుచుకొన్న చోటును గుర్తించి అచట మాత్రము మరల నూరుడు. ప్రతిదినమును వాడు కత్తికి ఉదయము పని మొదలుపెట్టక మునుపు తోలుపై పది మార్లు ఈడ్చిన, రాతి యవసరము నెలకొకసారి రావచ్చును.

కొడవలి సంగతి వేఱు. నున్నని వాదర గల కొడవలి వంపుగా నున్నందున దానిని రాతిపై నడపుట కష్టము. కొడవలిని మోకాలి క్రిందనో కొయ్యదుంగపైననో కదలకుండ బిగించి, చిన్న రాతినే దాని వాదరపై నడపవలయును. ఒక వైపే ఏటవాలు గల కొడవలిని ఆ వైపే నూరి, చదును వైపు మడత పోవుటకు రెండు మార్లు రాచిన చాలును. రాగి కోతకు వాడు కక్కు కొడవలిని రాతికి తేనే రాదు. రాచిన కక్కులు అరిగి గీత నున్ననగును. దానిని కమ్మరి యొద్ద కక్కు కొట్టించవలసినదే. మల్బరీ కొమ్మలు కత్తిరించు కత్తెరకు ఏటవాలు గల రెక్కను మాత్రము, ఏటవాలు వైపు మాత్రము నూరుడు. మొద్దు కత్తెరతో కత్తిరించిన మోడు బెరడు చీలి, ఎండుచు క్రిందికి దిగును. అట్టి మోడున చిగుళ్ళు ఆలస్యముగా వచ్చుట మీ తోటలోనే చూడగలరు.

చాకీ కత్తికి సంబంధించిన రెండు జాగ్రత్తలు. త్రుప్పు పట్టకుండుటకు నూనె పూయువారు, ఆకు తఱుగక మునుపు సబ్బునీటితో కడిగి తుడువవలయును. పొగాకు నలిపిన చేతితో కత్తిని గాని ఆకును గాని ముట్టరాదు. పొగాకు రసము పట్టుపురుగునకు విషము. గదిని శుద్ధి చేయుటకు రెండు పాళ్ళ బ్లీచింగు పొడిని సున్నపు నీటిలో కలిపి చల్లుచున్నాము గదా, ఆ నీరు ఇనుమును తినివేయును. కత్తిని అందులో ఊరవేసి మఱచినయెడల రాత్రికి రాత్రి వాదర గుంటలు పడును. ముంచి, తీసి, మంచినీటితో కడిగి, వెంటనే తుడిచి ఆఱబెట్టుడు.

ఎంత జాగ్రత్త పడినను నేర్చుకొనువాని చేయి ఒకప్పుడు తెగును. సబ్బుతో, పారు నీటితో చక్కగ కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి కట్టుడు. పసుపో, పేడయో, బూడిదయో అద్దరాదు. ధనుర్వాతపు బీజము త్రుప్పులో పుట్టునది కాదు. మట్టిలోను పశువుల పేడలోను నివసించునది. మన చేతులు వానిలోనే యుండును గనుక ఆరోగ్య కేంద్రమున టీకా వేయించుకొనుట మఱువరాదు. వ్రేలు మడవకున్నను, తిమ్మిరెక్కినను ఆ దినముననే వైద్యుని చూడవలయును. మేము చెప్పిన సభ్యురాలు మూడు దినములు ఆలస్యము చేసెను.

రాయి కూడ అరిగి నడుమ పల్లమగును. పల్లమైన రాతిపై వాలు నిలువదు. సిమెంటు నేలపై ఇసుకయు నీరును చల్లి రాతిని గుండ్రముగా రాచిన చదునగును. ఒక్కొక్క యింటికి ఒక రాయి కొనలేని గ్రామములందు, నాలుగైదిండ్లు కలిసి యొక రాయిని, ఒక తోలుపలకను ఉంచుకొనవచ్చును. మన సంఘపు గోదామునందు ఒకటి యుంచి, ఎరువుల కొఱకు వచ్చిన సభ్యులు కత్తిని కూడ తెచ్చుకొని నూరుకొనుటకు ఏర్పాటు చేయుడని మేము కార్యవర్గమునకు వ్రాసితిమి. రాబోవు చాకీ కట్టుటకు ముందు మేము గోరంట్లలో నుండు దినములందు మొద్దు కత్తిని వెంట తెచ్చినవారికి చేతిలో చేయి పెట్టి చూపుదుము. కత్తిని గోనెగుడ్డలో చుట్టి, వాదర లోపలికుండునట్లు తెండు, బస్సులో పిల్లలుందురు.